సగం చార్జింగులో తెగిన మాట

నా ఫోను పాతదే కానీ, దానితో నాకు ఏ పేచీ ఉండేది కాదు. పొద్దున్న చార్జింగ్ పెట్టుకుని కొరాపుట్‌లో ఆఫీసుకి వెళితే రాత్రి పడుకునేదాకా వచ్చేది. అప్‌డేట్ చేసుకోమని అడిగినప్పుడల్లా ‘తర్వాత’ అని నొక్కేసేదాన్ని. ఒకరోజు ఆ ‘తర్వాత’నే తీసేశారు. నిద్ర లేచేసరికి అప్‌డేట్ అయిపోయి కూర్చుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ కంపెనీవాళ్ళు మాత్రం వద్దు మొర్రో అన్నా పెట్టారు.

అప్పట్నుంచి మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోవడం మొదలైంది. అదీ మర్యాదగా అయిపోదు. సగం ఉందని చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోతుంది. బస్టాండు దగ్గర రిపేరు కొట్టు అతను చూసి, బ్యాటరీ ముసలిదైపోయింది, కొత్త సాఫ్ట్‌వేరు బరువు మొయ్యలేకపోతోంది, వేరే ఫోను కొనుక్కోండి మేడమ్ అన్నాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడేసింది వాళ్ళు, ఖర్చు మాత్రం నాది! కొననంటే కొననని ఇంటికొచ్చేశాను.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం మా వదిన ఫోను చేసింది. మా ఆయనకి అక్క. గుణుపురం దగ్గర పల్లెలో వ్యవసాయం. పిల్లల్లేరు. ఆవిడ భర్త, అన్నయ్యగారు, పోయి అప్పటికి నాలుగైదు నెలలు. మహా మొండి మనిషి, ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఫోను చేసినా రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. అలాంటిది ఆ రోజు వానల గురించి, విత్తనాల గురించి, పెరట్లో పనసకాయలు పండి రాలిపోతున్నా తినే దిక్కు లేదని, ఎంతో సేపు మాట్లాడింది. నాకు సంతోషమే అయింది. ఊఁ కొడుతూ వంట చేసుకుంటున్నాను. ఇంతలో ఫోను ఆరిపోయింది. చార్జింగ్ పెడదామంటే కరెంటు లేదు. మా ఆయన క్యాంపులో ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే చేశాను. ఎత్తలేదు. సాయంత్రం చేశాను. ఎత్తలేదు. మా ఆయన చేస్తే మాత్రం ఎత్తి, బాగానే ఉన్నానని పెట్టేసింది. చార్జింగ్ అయిపోయిందట అక్కా అని ఆయన చెబితే నవ్విందట. నవ్వదూ మరి! ఇష్టం లేని మాట తప్పించుకోవాలంటే లోకంలో ప్రతివాళ్ళూ చెప్పే అబద్ధం అదేగా. నేనూ ఎన్నిసార్లు చెప్పానో. అయినా నాకు ఒళ్ళు మండింది. నేనేం తప్పు చేశానని? ఎత్తకపోతే మానె అని ఊరుకున్నాను.

వానలు పడ్డాక మా ఆయన పోరు పడలేక ఇద్దరం రాయగడ మీదుగా బస్సులో వెళ్ళాం. వదిన అన్నం పెట్టింది, కూర వడ్డించింది, నా మొహం మాత్రం చూడలేదు. భోజనాలయ్యాక మా ఆయన చేను చూడటానికి వెళ్ళారు. నేను అరుగు మీద కూర్చుని, ఆఫీసు నుంచి ఫోనొస్తే మాట్లాడుతున్నాను. ఏదో రిపోర్టు ఆలస్యమైందని మా పై అధికారి గట్టిగా కేకలేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను ఆరిపోయింది.

“ఈ దిక్కుమాలినదాన్ని నూతిలో పారెయ్యాలి,” అన్నాను. పై అధికారి ఫోను కావాలని పెట్టేసే ధైర్యం ఎవరికుంటుంది?

వదిన చూస్తూనే ఉంది. వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. నొక్కింది, తిప్పింది, మళ్ళీ నొక్కింది. అప్పుడు అడిగింది.

“ఆ దినం కూడా ఇలాగేటి?”

అవునన్నాను.

“అయితే ఎంతవరకు ఇన్నావు?”

“పనసకాయలు రాలిపోతున్నాయన్నావు, అంతవరకే వదినా.”

ఫోను నా ఒళ్ళో పెట్టి పక్కన కూర్చుంది.

“ఆ తరవాతే అడిగేను, అమ్మీ. ఇల్లు మింగేస్తంది, ఓ పది దినాలు మీ ఇంటికి వచ్చి ఉండనా అని. నువ్వేటీ పలకలేదు.”

ఇంత మనిషి, ఇన్నేళ్ళకి ఒక్కసారి నోరు తెరిచి అడిగితే దొరికిన జవాబు అది. దాన్ని గుండెలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఒంటరిగా ఉంది. ఇవాళే పోదాం, మాతో వచ్చెయ్యమన్నాను.

“ఇప్పుడక్కర్లేదులే,” అంది. “అలవాటైపోయింది.”

ఆ మాటకి నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అలవాటట, అలవాటు! లోపలికి వెళ్ళి, దండెం మీది వదిన చీరలు తీసి సంచీలో కుక్కడం మొదలుపెట్టాను. వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. వద్దంటుందని భయపడుతూనే, తలెత్తకుండా సర్దుతున్నాను.

“ఆ పచ్చసీర ఎట్టకు,” అంది. “అది సిరిగిపోయింది.”