ముందు ఆకాశం చెప్పిన సారు

పార్సిల్ సారు పోయారని తెలిసిన పొద్దున నేను ఆయన తెల్లచొక్కాకే ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన భార్య మెట్లు దిగి వచ్చి నా బల్ల అంచు పట్టుకుని, "అక్కా, సారు లేస్తలేడు" అంది. నిద్రలోనే పోయారు. ఇస్త్రీపెట్టె పక్కకు నిలబెట్టి పైకి వెళ్లి ఆయన కాళ్లు ముట్టి చూశాను. మళ్లీ కిందికి వచ్చి, మిగిలిపోయిన చొక్కా కుడిచెయ్యి కూడా పూర్తిచేశాను. నలిగిన చొక్కాతో ఆయన్ను పంపడం నాకు ఇష్టం లేదు. ఆ చొక్కాతోనే కాటికి పోయారు.

మాది ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీ. మెట్ల కింద నా ఇస్త్రీ బల్ల, మొదటి అంతస్తులో వాళ్ల ఇల్లు. నలభై ఏళ్ల పొత్తు. ఆయన నాంపల్లి స్టేషన్లో పార్సిళ్ల గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గల్లీ అందరికీ పార్సిల్ సారే. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఆయన భార్యే రాస్తోంది. నా మాటలు జర సాపు చేసి రాయమన్నాను గానీ, అందులోని కోపం మాత్రం తీసెయ్యొద్దన్నాను. ఇది ఏడవడానికి రాయిస్తున్నది కాదు. టీవీలో క్రికెట్ చెప్పేవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. సారు ఉన్నన్నాళ్లూ దాని అవసరం పడలేదు. ఇప్పుడు పడింది.

నాకు చూపు పోయింది. నీటికాసులన్నారు దవాఖానలో. ఎడమకన్ను చీకటి. కుడికంటికి వెలుతురూ రంగులూ తెలుస్తాయి, మనిషి తెలియడు. ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. కళ్లు లేని ముసలిదానికి ఇస్త్రీకి పట్టుచీర ఎవరిస్తారు? గుండీల పట్టీ ఎక్కడుందో, కాలరు ఎటు తిరిగిందో చేతికి తెలుస్తుంది. పని ఆగలేదు. క్రికెట్ కూడా ఆగలేదు. మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం బొగ్గులు ఆర్పి పైకి వెళ్లేదాన్ని. టీవీలో జనం అరిస్తే నేనూ శెభాష్ అనేదాన్ని. సారుకు తెలియదనే అనుకున్నాను.

ఒకరోజు టీవీలో సౌండు పోయింది. ఎంత కొట్టినా రాలేదు. బొమ్మ మాత్రం ఉంది. నా కంటికి తెరంతా పచ్చగా కనిపించింది. అందులో తెల్లగా ఏదో అటూ ఇటూ కదిలింది. "మంచిగ ఆడిండు సారూ, కాలు ముందుకేసి కొట్టిండు" అన్నాను. సారు కుర్చీ నా వైపు తిరిగిన చప్పుడైంది. తర్వాత, "ఔ అక్కా, మంచిగ కొట్టిండు" అన్నారు.

తర్వాతి మ్యాచ్‌కు టీవీ బాగైంది. కానీ సారే సౌండు నొక్కేశారు. "వీళ్ల ముచ్చట ఇనలేకపోతున్ననక్కా, తలకాయ నొస్తుంది. నేనే చెప్త, ఇను" అన్నారు. ముసలితనంలో ఈయనకు మైకు షోకు పట్టిందని నవ్వుకున్నాను. "రేల్వేల నలభై ఏండ్లు మూటల తోని మాట్లాడిన్రు, ఇప్పుడు మనుషులు దొరికిన్రు" అని ఎగతాళి కూడా చేశాను. ఆయన పట్టించుకోలేదు. ఆరోజు నుంచి మా ఇంటి మ్యాచ్‌కు ఆయన గొంతే.

ఆయన చెప్పే తీరు చెబుతాను. ముందు ఆకాశం చెప్పాలి, తర్వాత బంతి చెప్పాలి. అది ఆయన పెట్టుకున్న నియమం. మ్యాచ్ మన ఉప్పల్ స్టేడియంలో అయితే తెల్లారుజామున గంజి పెట్టి ఆరేసిన చీర మధ్యాహ్నానికి ఎట్లా ఉందని నన్ను అడిగేవారు. పెళపెళలాడితే గాలి పొడిగా ఉన్నట్టు. గంజి మెత్తబడి చీర చేతికి అంటుకుంటే గాలిలో చెమ్మ ఉన్నట్టు, బంతి గాలిలోనే వంగుతుందని చెప్పేవారు. ఆ తర్వాత కిటికీ తెరిచి చెవి పెట్టేవారు. నాంపల్లి స్టేషన్లో బండి వస్తోందని చెప్పే మైకు మాటలు స్పష్టంగా వినబడితే గాలి పడమటి నుంచి వీస్తోందని లెక్క. చదువులేని నా చీర, ఆయన పాత ఆఫీసు మైకు, ఈ రెండూ కలిస్తేనే మా ఇంట్లో మ్యాచ్ మొదలు.

వేరే ఊళ్లో మ్యాచ్ అయితే తెరలోనే వెతికేవారు. అంపైరు టోపీ చేత్తో పట్టుకున్నాడు, గాలి గట్టిగా ఉంది. బౌలరు చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు, మంచు పడుతోంది, ఇక బంతి జారుతుంది. చొక్కా వీపుకు అంటుకుంది, ఉక్కపోత. ఇట్లా ఆకాశమంతా చెప్పాక, ఎవరు ఏ కొస నుంచి ఉరికి వస్తున్నాడో, బంతి ఎక్కడ పడిందో, బ్యాటుకు తగిలి ఎటు పోయిందో, ఎవరు ఆపారో వరసగా చెప్పేవారు. నేను ఇస్త్రీ మడత పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి. నాకు మైదానమంతా కనబడేది.

అబద్ధం మాత్రం చెప్పేవారు కాదు. ఒకసారి బౌలరు పరిగెత్తాడన్నాక పెద్దగా తుమ్మారు. తర్వాత ఏమైంది సారూ అంటే, "ఆ బంతి నేను చూడలే అక్కా. చూడంది చెప్ప" అన్నారు. తెరలో మళ్లీ చూపించినప్పుడు చెప్పారు.

ఆయన కర్మలన్నీ అయ్యాక వచ్చిన మొదటి మ్యాచ్ ఉప్పల్లోనే. పైకి వెళ్లి సౌండు పెట్టమన్నాను. టీవీలో చెప్పేవాళ్ల మాట విని ఎన్నో ఏళ్లయింది. మైకుల ముందు నలుగురి గొంతులు. "వాతావరణం అద్భుతంగా ఉంది, క్రికెట్‌కు సరిగ్గా సరిపోయింది" అన్నాడు ఒకాయన. అద్భుతమంటే ఏంది? గాలి ఎటు? మబ్బు ఉందా లేదా? ఆరోజు పొద్దున నా గంజి చీర వేలాడిపోయింది. ఆకాశమే చూడకుండా అద్భుతమన్నాడు. తర్వాత హైదరాబాదు వచ్చాం గదా అని బిర్యానీ ముచ్చట మొదలుపెట్టారు. ఎవరు ఎన్ని ప్లేట్లు తిన్నారో చెప్పుకుని పకపకా నవ్వుతుంటే, వెనక జనం అరిచారు. "చూశారా, చూశారా!" అన్నాడు వాళ్లలో ఒకడు. చూడలేదు నాయనా. చూసినవాడికి నువ్వెందుకు? ఇద్దరు అవుటైపోయారని తర్వాతెప్పుడో తెలిసింది. ఎట్లా అవుటయ్యారో ఇప్పటికీ తెలియదు.

నా ఫిర్యాదు అక్కడిదాకా చెప్పి, ఈ మాట కూడా రాయమన్నాను: మా సారుకు వీళ్ల ముచ్చట పడేది కాదు, అందుకే నోరు మూయించారు, ఆయన తీర్పు అదే. అక్కడ కలం చప్పుడు ఆగింది.

"అక్కా, గిది నేను రాయను" అంది ఆయన భార్య.

ఎందుకు రాయవన్నాను.

"అబద్ధం గనుక. ఆయనకు ఆ టీవోళ్ల మాటలంటే పానం. నువ్వు కిందికి పోతవా, తెల్లారి అదే మ్యాచ్ మళ్ల ఏస్తే సౌండు పెట్టుకొని ఇంటుండె. ఆ బిర్యానీ ముచ్చట్లకే పడి పడి నవ్వుతుండె."

మరి తలనొప్పి అన్నారు గదా అంటే, ఆమె కలం మూసిన చప్పుడైంది. తర్వాత చెప్పింది.

"ఆ దినం సౌండు పోయింది యాదుందా? కాలు ముందుకేసి కొట్టిండన్నవు. అది మ్యాచ్ కాదక్కా. గోడలకేసే రంగుల అడ్వటైజ్‌మెంటు. పచ్చ గోడకు ఒకడు తెల్ల బట్టలల్ల నిలబడి రంగేస్తున్నడు. నీకు కండ్లు పోయినయని ఆయనకు గప్పుడే తెలిసింది. నాకు చెప్పిండు, ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. అక్కకొచ్చే ఇస్త్రీ బట్టలు పోతయని."

పొద్దుగూకేదాకా నేను నా కుర్చీలోనే కూర్చున్నాను. ఎన్నో ఏళ్లు, తనకు ఇష్టమైన మాటల గొంతు తానే నొక్కి, నాకు ఆకాశం చెప్పారు. నేను మైకు షోకు అన్నాను. ఎగతాళి చేశాను. ఆ మాటలు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. వినడానికి ఆయన లేరు, కాబట్టి అందరి ముందూ తీసుకుంటున్నాను. నాకు చూపు లేదని కూడా అందరి ముందే చెప్పేశాను. బట్టలు ఇచ్చేవాళ్లు ఇవ్వండి, మానేవాళ్లు మానండి. కాలరు మీద ఒక్క ముడత చూపిస్తే అప్పుడు మాట్లాడుదాం.

ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోను. సారుకు వాళ్లు నచ్చితే నచ్చారు. ఆయనకు కళ్లున్నాయి. నాలాంటివాళ్లు ఇళ్లల్లో ఎందరున్నారో టీవీ వాళ్లకు తెలుసా? నవ్వుకోండి, వద్దనను. బిర్యానీ తినండి, మా ఊరిదే. కానీ బంతి ఎక్కడ పడిందో చెప్పి నవ్వండి. ఆకాశం బాగుందని కాదు, ఎట్లా ఉందో చెప్పండి. రైల్వే గుమాస్తా చెయ్యగలిగిన పని, అన్ని కెమెరాలు పెట్టుకుని మీరు చెయ్యలేరా? మారేదాకా రాయిస్తూనే ఉంటాను.

అదంతా నిన్న రాయించాను. ఇవాళ మళ్లీ మ్యాచ్ ఉంది. పైకి వెళ్లి ఆయన కుర్చీ పక్కన నా కుర్చీలో కూర్చున్నాను. ఆయన భార్యకు క్రికెట్ తెలియదు. మ్యాచ్ పెడితే వంటింట్లోకి పోయే మనిషి. ఇవాళ వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంది. టీవీ పెట్టింది. బిర్యానీ గొంతు సగం మాటలో ఆగిపోయింది.

"ఒగడు ఉరికొస్తున్నడక్కా" అని మొదలుపెట్టి, ఠక్కున ఆగింది. లేచి నడిచిన చప్పుడు. కిటికీ గడియ తీసిన చప్పుడు. నా ముఖానికి వెలుతురు తగిలింది. ఆమె అక్కడే చాలాసేపు నిలబడింది. గల్లీలో ఆటో ఒకటి పోయింది. దాని వెనక, దూరంగా, నాంపల్లి మైకు ఏదో బండి వస్తోందని చెబుతోంది.

"ఇనబడుతుందక్కా" అంది. "గాలి మన దిక్కే ఉంది."