నెమ్మది అడిగినాయన

వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళ కొట్టులో వెనక గది ఆయనది. ముందు గదిలో షోకేసులు, నిలువుటద్దం, యజమాని నవ్వు ఉంటాయి. వెనక గదిలో అద్దాలు అరగదీసే చక్రం, దానిమీద సన్నగా పడే నీళ్ళు, గాజుపొడి కలిసిన తెల్లటి బురద, ఈయన. చీటీలో ఉన్న పవరు చూసి అద్దం మధ్యన చుక్క పెట్టుకోవడం, ఫ్రేముకి సరిపోయేలా అంచు అరగదీయడం, బిగించి తుడిచి ముందు గదికి పంపడం ఆయన పని. ఆ చక్రం చేసే గీ... అన్న చప్పుడులో కూర్చుంటే ఆయనకి ప్రాణం హాయిగా ఉండేది. ఎందుకంటే ఇంట్లో చప్పుడు వేరు.

ఇంట్లో ఆయన తల్లి, భార్య, పదో తరగతి చదివే కూతురు. తల్లి ఉద్యోగమంతా రైల్వే స్టేషన్లో టిక్కెట్లివ్వడంలోనే గడిచింది. కిటికీ కన్నంలోంచి మాట్లాడీ మాట్లాడీ, పక్కనున్న మనిషితో కూడా ప్లాట్‌ఫారానికి అవతలున్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. ఏ మాటైనా రెండుసార్లు విడమరిచి చెబితే తప్ప ఆవిడకి తృప్తి ఉండదు. ఇలాంటి ఇద్దరు ఒక్క వంటింట్లో ఉంటే ఏమవుతుంది?

“ఈ తువ్వాళ్ళు మూడు మడతలు పెట్టిందెవరు?”

“నేనే అత్తయ్యా. బీరువాలో పట్టొద్దూ?”

“మీ పుట్టింటి బీరువా చిన్నదేమో. మా బీరువాకి రెండు మడతలు చాలు.”

“బీరువా మీదే. మడతపెట్టే చేతులు మాత్రం నావి. మళ్ళీ చెబుతున్నా, నావి.”

“విన్నావట్రా నీ పెళ్ళాం మాట?”

“మీరు చెప్పండి, నేనేమన్నా తప్పన్నానా?”

అద్దాలాయన ఎవరి వైపు మాట్లాడినా ఆ పూట ఆయన పని అయిపోయినట్టే. అందుకని, “కొట్టుకి టైమైపోయింది,” అని చెప్పులేసుకునేవాడు. కొట్టు సెలవురోజున కూడా ఓసారి అదే మాట అనేసి వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

వాళ్ళ చర్చి సంఘంలో ఒక పద్ధతుంది. కొత్త సంవత్సరం మొదటి ఉదయం ఆరాధనలో ఒక్కో ఇంటి తరఫున ఒక్కరు లేచి, ఆ ఏడాదికి దేవుణ్ణి ఏం అడుగుతున్నారో చెప్పాలి. అదీ ఒకే ఒక్క మాటలో. “కథలు మొదలెడితే మధ్యాహ్నం భోజనం సాయంత్రమవుతుంది,” అని పాస్టరుగారు పెట్టిన నియమం. మరుసటి ఏడాది మళ్ళీ అదే రోజున లేచి, అడిగినదానికి కృతజ్ఞతగా సాక్ష్యం చెప్పాలి. దీనికి మాత్రం మాటల లెక్క లేదు.

పోయినేడు అద్దాలాయన ‘ఆరోగ్యం’ అందామనుకునే బయల్దేరాడు. కానీ ఆ పొద్దున బయల్దేరేముందు గొడుగు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర మొదలైన గొడవ గుడి గుమ్మందాకా సాగింది. తన వంతు వచ్చేసరికి ఆయన నోట ఇంకో మాట వచ్చేసింది.

“నెమ్మది.”

సంఘమంతా “ఆమేన్” అంది. ఇంటిదారి పట్టగానే తల్లి మొదలెట్టింది. “నెమ్మదట! ఎవరి మూలాన లేదట మనింట్లో నెమ్మది?”

“ఆ మాట నన్ను చూసి అంటారేం అత్తయ్యా?”

“నిన్నన్నానా? గుమ్మడికాయల దొంగ అంటే నువ్వెందుకు భుజాలు తడుముకుంటావ్?”

నెమ్మది గురించి ఇంటిదాకా పోట్లాడుకున్నారు. కూతురు తండ్రి చెవిలో, “నాన్నా, వచ్చే ఏడు ఇంకేదన్నా చిన్నది అడుగు,” అంది.

వానాకాలంలో ఒకనాడు పొద్దున్నే తల్లి చేతిలోంచి టీ కప్పు జారిపోయింది. కప్పు పగిలినందుకు కోడల్నే తిట్టబోయింది. నోరు తెరిచింది కానీ మాట రాలేదు. మూతి ఒక పక్కకి పోయింది, కుడిచెయ్యి వేలాడిపోయింది. ఆసుపత్రిలో పడుకోబెట్టారు, సూదులు వేశారు. పాస్టరుగారు వచ్చి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు. “కుడిచెయ్యి నెమ్మదిగా వస్తుంది. మాటే చెప్పలేం.”

నెమ్మదిగా. ఆ మాట వినగానే అద్దాలాయన ఉలిక్కిపడ్డాడు. ఎందుకో అప్పుడాయనకే తెలియలేదు.

చెయ్యి కొంత వచ్చింది. కర్ర పట్టుకుని నడక కూడా వచ్చింది. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది: ‘సరే’. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎవరితోనూ అనని మాట. టీ ఇవ్వనా అంటే సరే. కిటికీ మూసేదా అంటే సరే. తెరిచేదా అన్నా సరే. నొప్పిగా ఉందా అంటే కూడా సరే. అంటే ఉన్నట్టా, లేనట్టా?

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. వంటింట్లో పంపు కారడం ముందు గదిలోకి వినబడేది. కొన్నాళ్ళు చూసి భార్య ఒక పని చేసింది. ఉతికిన తువ్వాళ్ళన్నీ తెచ్చి అత్తగారి ముందు కూర్చుని, ఒక్కొక్కటీ మూడు మడతలు పెట్టసాగింది. సరిపోదనిపించి నాలుగు పెట్టింది.

“చూశారా అత్తయ్యా? నాలుగు. నా ఇష్టం.”

ముసలావిడ తువ్వాళ్ళకేసి చూసింది. “సరే,” అంది.

భార్య దిగ్గున లేచి స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సంవత్సరం చివరివారంలో పాస్టరుగారు ఇంటికొచ్చారు. మంచి మనిషి. సంఘంలో ఎవరు ఎప్పుడు ఏమడిగారో ఆయనకి నోటికి వచ్చు. అందరూ ముందుగదిలో కూర్చున్నారు. తల్లి కిటికీ పక్క కుర్చీలో ఉంది.

“ఈసారి మొదటి సాక్ష్యం మీదే,” అన్నారు పాస్టరుగారు. “ఈ ఏడు మొదటిరోజున మీరు నెమ్మది అడిగారు. ఈ కష్టంలో కూడా దేవుడు మీకిచ్చాడు. ఇప్పుడు చూడండి, ఇల్లెంత నెమ్మదిగా ఉందో!”

ఆయన ఏ దురుద్దేశంతోనూ అనలేదు. అత్తకి అన్నం కలిపి తినిపించే కోడల్ని చూసి మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ తల్లి మెల్లగా తల తిప్పి కొడుకుని చూసింది. ఆ చూపు ఆయన మొహంమీద కాస్త ఎక్కువసేపే ఆగింది.

“అమ్మా...” అన్నాడాయన.

“సరే,” అందావిడ.

ఆ రోజునుంచి అద్దాలాయన మనసు మనసులో లేదు. అమ్మ ఏమనుకుంది? నా నోరు మూయించమని నా కొడుకు దేవుడి దగ్గర మొరపెట్టుకున్నాడనా? కాదమ్మా అని చెబితే సరే అంటుంది. అవునన్నా సరే అంటుంది. ఏ సరే నిజమైన సరేనో ఎలా తెలుస్తుంది? అసలు తనేం అడిగాడు? గొడవలు వద్దన్నాడు. గొడవలు లేవిప్పుడు. లెక్కకి అడిగింది దొరికినట్టే. మరి దొరికినదానికి కృతజ్ఞత చెప్పకపోతే దేవుడికి ద్రోహం, చెబితే అమ్మకి ద్రోహం. ఎటు తిప్పి చూసినా తెగలేదు.

కొట్టులో కళ్ళు పరీక్ష చేసేటప్పుడు యజమాని ఒక్కో అద్దం మార్చి, “ఇలా బాగుందా? ఇలాగా? మొదటిదా, రెండోదా?” అని విసుగులేకుండా అడుగుతూనే ఉంటాడు. దేవుడు కూడా అలా అడిగి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. ‘ఏ నెమ్మది కావాలి నాయనా? జ్వరం తగ్గితే వచ్చే నెమ్మదా? నడకలో నెమ్మదా? మనుషులు కలిసి కూర్చుంటే ఉండే నెమ్మదా?’ తండ్రి అన్నవాడు ఆమాత్రం అడగడా? లేక తండ్రి గనకే అడగక్కర్లేకుండా తెలుసా? తెలిస్తే మరి ఇదేమిటి?

ఆ ఆలోచనల్లో ఒక పెద్దాయన జోడులో కుడి అద్దం ఎడమలో, ఎడమది కుడిలో బిగించేశాడు. ఆ పెద్దాయన పెట్టుకుని మూడు మెట్లు దిగి, గోడ పట్టుకుని వెనక్కొచ్చాడు.

“ఏంటి గురూ, ఈ వయసులో మళ్ళీ లవ్వా?” అన్నాడు యజమాని వెనక గదిలోకి తొంగి చూసి. అద్దాలాయన జోడు అందుకున్నాడు. అద్దాలు ఊడదీసి మార్చాడు.

ఆ సాయంత్రం భార్యతో అన్నాడు. “నేను సాక్ష్యం చెప్పను. నువ్వు చెప్పు.”

“నేనా? నేనేం చెప్పను?” ఆవిడ బట్టలు మడతపెట్టడం ఆపింది. “ఆ రోజు మీరు నెమ్మది అన్నప్పుడు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేను. మీకు వినబడలేదా? అత్తయ్యకి వినబడింది. పక్కనే ఉన్నారు.”

ఒకరి తప్పు రెండోవారితో పంచుకుంటే బరువు తగ్గుతుందంటారు గానీ, ఇక్కడ రెండింతలయింది.

కొత్త సంవత్సరం ఉదయం గుడి కిటకిటలాడుతోంది. పిల్లలు కొత్తబట్టల్లో ఇబ్బందిగా కదులుతున్నారు. రెండో బల్ల చివర కర్ర పట్టుకుని తల్లి, పక్కన భార్య, కూతురు. పాస్టరుగారు చిరునవ్వుతో చెయ్యి చూపించారు. అద్దాలాయన లేచాడు. రాత్రంతా కూడదీసుకున్న మాటలు ఎటు పోయాయో ఒక్కటీ లేదు.

“పోయినేడు నేను నెమ్మది అడిగాను,” అన్నాడు. “అప్పుడు మా అమ్మా, మా ఆవిడా రోజూ పోట్లాడుకునేవాళ్ళు. అది తగ్గాలని అడిగాను. అంతే. ఇది కాదు.”

ఆయన పాస్టరుగారి వైపు కాక తల్లి వైపు తిరిగాడు.

“అమ్మా, నీ నోరు పోవాలని కాదే నేనడిగింది. ఒట్టు. నాకు ఇప్పుడు దేనికి కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నువ్వున్నావు. అందుకు చెబుతాను. ఈవిడ నిన్ను చూసుకుంటోంది, అందుకూ చెబుతాను. మిగతాది దేవుడిచ్చాడో, దానంతటది వచ్చిందో, నేను తెచ్చిపెట్టానో నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండా అర్థమైనట్టు చెప్పలేను.” బల్ల అంచు పట్టుకున్నాడు. “అయిపోయింది,” అని కూర్చున్నాడు.

సంఘానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరో ఒకరు “ఆమేన్” అన్నారు. తర్వాత అక్కడక్కడా ఒకటీ అరా. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మా సోదరుడు తెలియదన్నాడు, ప్రభువా,” అని కళ్ళు మూసుకున్నారు. “నేను తెలిసినట్టు మాట్లాడాను. ఇద్దరినీ కనిపెట్టుకో.” కళ్ళు తెరిచి తర్వాతి కుటుంబాన్ని పిలిచారు.

ఆరాధన అయ్యాక మెట్లు దిగేటప్పుడు అద్దాలాయన అలవాటుగా తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది.

పొరపాటున తగిలిందనుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి కర్రతో ఆయన చేతిని పక్కకి తోసేసి, మొహం అటు తిప్పుకుని, కోడలి భుజంమీద చెయ్యి వేసింది.

“అమ్మా, నేను దింపుతాను. సరేనా?”

ఆవిడ సరే అనలేదు. పెదాలు బిగించి గట్టిగా తల అడ్డంగా ఊపింది.

భార్య నోరు తెరుచుకుని నిలబడిపోయింది. “ఏమండీ, ఆవిడకి కోపమొచ్చింది! మీమీద! చూశారా, మీమీదే!”

“ఎందుకు రాదు మరి,” అంది కూతురు. “ఊరందరి ముందూ నానమ్మ గయ్యాళిదని చెప్పావుగా నాన్నా.”

“నేనలా అన్నానా?”

“అచ్చం అలాగే అన్నారు,” అంది భార్య. “నన్ను కూడా కలిపి అన్నారు. ఇంటి గుట్టంతా రచ్చకెక్కించారు. రండత్తయ్యా, ఈయనతో మనకేంటి.”

అత్తా కోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచారు. కూతురు వాళ్ళ వెనకే పరిగెత్తింది. అద్దాలాయన పైమెట్టు మీదే ఉండిపోయాడు. అమ్మ తనని అపార్థం చేసుకుందా, అర్థం చేసుకుందా? క్షమించలేదన్నది మాత్రం స్పష్టం. దానికి బాధపడాలి కదా. బాధగానే ఉంది. కానీ ఉన్నది బాధ ఒక్కటే కాదు. అమ్మకి మళ్ళీ కోపమొచ్చింది.

“ప్రభువా, వందనాలు,” అన్నాడు పైకే. దేనికో చెప్పబోయి మానేశాడు. వాళ్ళు మలుపు తిరుగుతున్నారు. వెనకనుంచి అందుకోవాలా, కాస్త దూరంగానే నడవాలా అని తేల్చుకోలేక, ఒక అడుగు త్వరగా, ఒక అడుగు మెల్లగా వేస్తూ వాళ్ళ వెంట బయల్దేరాడు.