పచ్చ వైరు

అరకు జీపు డ్రైవర్లలో ఒక మాట ఉండేది. బండికి ఒళ్ళు బాగోకపోతే మెకానిక్కు దగ్గరకు తీసుకుపో, బుద్ధి చెడితే ఫల్గుణ దగ్గరకు తీసుకుపో అని. ఒళ్ళంటే ఇంజను, గేర్లు, చక్రాలు. బుద్ధంటే దీపాలు, హారను, సెల్ఫు, కరెంటు పారే దారులన్నీ. స్టేషనుకు వెళ్ళే రోడ్డులో అతని రేకుల షెడ్డు. దానికి బోర్డు లేదు. ఉన్నా ఫల్గుణ చదవలేడు. మూడో తరగతిలో పలక పగిలింది, ఇంట్లో రెండో పలక కొనలేదు, చదువు అక్కడితో సరి.

అక్షరాలు రాకపోతేనేం, రంగులు వచ్చు. అనంతగిరి దగ్గర రైల్వే కాంట్రాక్టరు జనరేటరుకు కాపలా ఉన్నప్పుడు ఎర్ర తీగ ఎటు పోతుందో, నల్లది ఎక్కడ ఆగుతుందో చూసి చూసి పని పట్టాడు. చదువుకున్నవాడు పుస్తకం తిరగేసి తీగ పట్టుకుంటాడు. ఫల్గుణ తీగ చూసి బండి జాతకం చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు అలాగే బతికాడు. తర్వాత ఆ రంగులే అతన్ని మోసం చేయడం మొదలుపెట్టాయి.

ముందు తెలుపు పోయింది. తెల్ల తీగా పసుపు తీగా కవల పిల్లల్లా కనబడసాగాయి. ఆ తర్వాత నీలం వెళ్ళి నలుపులో కలిసింది. నీడలో అంతా మసక, ఎండలో కళ్ళు చెదిరేవి. పొర కమ్ముతోందని అతనికి తెలుసు. తండ్రికీ అలాగే కమ్మింది. ఆ ముసలాయన ఆఖరి ఎనిమిదేళ్ళూ గడప దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను గొంతుబట్టి పోల్చుకుంటూ పోయాడు. ఆపరేషను చేస్తే నయమవుతుందని కళ్ళ క్యాంపువాళ్ళు మైకులో చెప్పి వెళ్ళారు. ఫల్గుణ ఆ వీధికే పోలేదు. క్యాంపుకు వెళ్తే కంటికి కట్టు కడతారు. కట్టు చూస్తే ఊరికి తెలుస్తుంది. తెలిస్తే ఏ డ్రైవరు తన బండి తీగలు గుడ్డివాడి చేతిలో పెడతాడు? ఈ భయంతోనే మూడేళ్ళు నెట్టుకొచ్చాడు.

తెలిసింది భార్య గంగకు ఒక్కదానికే. అతను బండి కింద దూరితే ఆమె పక్కనే పీట వేసుకుని, చేటలో చింతపండు పోసుకుని గింజలు తీసేది. గింజ గింజకీ మధ్య కింది గొంతుతో చెప్పేది: "కుడేపుది పసుపు. దాని కిందది తెలుపు. అద్గది, అదే." డ్రైవర్లు చూసి, ఈ వయసులో కూడా పెళ్ళాం కొంగు వదలడని నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాడు ఫల్గుణ. గుడ్డివాడు అనిపించుకోవడం కంటే ఆ మాట పడటం ఎంతో మేలు.

రెండువేల ఎనిమిది డిసెంబరులో, సంత రోజున, షావుకారు రమణమూర్తి జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆయన విజయనగరం వాడు. కాఫీ గింజలు, మిరియాలు కొంటాడు. పదిహేనేళ్ళుగా అరకులో ఉన్నా కొండదారులు ఆయనకు లొంగలేదు. ఏదో డ్యాము ఆఫీసు వేలంలో కొన్న పాత ఫోర్ వీల్ జీపు అది. ఎక్కమంటే మేకలా ఎక్కేస్తుంది. ఎటు ఎక్కమనాలో మాత్రం యజమానికి తెలీదు. పోయినేడు మంచులో హుకుంపేటకని బయల్దేరి తెల్లారేసరికి ఒడిశాలో తేలాడు. ఊరు ఆరు నెలలు నవ్వింది.

ఆ నవ్వుకు విరుగుడుగా ఆయన విశాఖపట్నంలో ఒక పెట్టె కొన్నాడు. కొత్త మోడలు బండికి ఫ్యాక్టరీలోనే బిగించి పంపే రేడియో అది. దాని ముఖాన చిన్న టీవీలాంటి తెర. పాటలు పాడుతుంది, దారి కూడా చూపిస్తుంది. అసలు బండి యాక్సిడెంటులో నుజ్జయిపోతే, పాత సామాన్లు అమ్మే కిరణ్ అనే కుర్రాడు ఈ పెట్టె ఊడదీసి అమ్మాడు. అరకు దారులు దానికి తెలుసా అని ఈయన అడగలేదు, తెలుసని అతనూ చెప్పలేదు.

"ఫల్గుణా, ఇది నా జీపుకు పెట్టాలి. ఇవాళే" అన్నాడు రమణమూర్తి.

ఫల్గుణ ఖాళీ పీట వైపు చూశాడు. గంగ సంతకు వెళ్ళింది. మధ్యాహ్నం దాటితేగాని రాదు.

"రేపు తెండి బాబూ. తీరుబడిగా సేత్తాను."

"రేపు పొద్దున్నే పాడేరు దాటి వెళ్ళాలి, ఎప్పుడూ వెళ్ళని దారి. నీకు చేతకాదంటే చెప్పు, బాధలేదు. విశాఖలో చేయించుకుంటాను."

ఎదురు టీ కొట్టు బల్ల మీద నలుగురు డ్రైవర్లున్నారు. వాళ్ళలో బుధు ఒకడు. ఫల్గుణను మావా అని పిలుస్తాడు, పాడేరు సర్వీసు జీపు తోలతాడు. చేతకాదు అన్న మాట రోడ్డు దాటి వాళ్ళ చెవిన పడింది. అందరూ ఇటు తిరిగారు.

"ఎందుకు సేతకాదు? బండి నీడలో పెట్టండి" అన్నాడు ఫల్గుణ. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు.

మొదటి రెండు గంటలూ గండం లేకుండా గడిచాయి. పాత జీపు డ్యాష్ బోర్డులో రేడియోకున్న కంత చిన్నది, పెట్టె పెద్దది. రేకు కోశాడు, ఆకురాయితో అంచులు రాశాడు, ఇనుప పట్టీ వంచి వెనక ఆనింపు పెట్టాడు. ఇనుముకు రంగుతో పనిలేదు, వేళ్ళు చాలు. పెట్టె తాపీగా వెళ్ళి కంతలో కూర్చుంది. రమణమూర్తి "భేష్" అన్నాడు. ఫల్గుణ మాత్రం సంత దారి వైపు చూస్తూనే ఉన్నాడు. ఆ దారిన తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే ప్రతి ఆడమనిషీ దూరం నుంచి గంగలాగే ఉంది. దగ్గరకు వచ్చాక కాదు.

ఇక తీగలు మిగిలాయి. కొత్త బండి ప్లగ్గు పాత బండికి పట్టదు కాబట్టి కిరణ్ దాన్ని కత్తిరించేసి, పదిహేను తీగల కుచ్చు వదిలాడు. ఏది దేనికి కలపాలో ఫోనులో అడగమన్నాడు. సెల్లుకు సిగ్నలు అందేది కల్వర్టు మీదే. రమణమూర్తి అక్కడ నిలబడి, కిరణ్ చెప్పింది విని, ఇక్కడికి కేక పెట్టాడు.

"నల్లది బాడీకి! ఎర్రది తాళానికి! పచ్చది బ్యాటరీకి! ముందు ఈ మూడూ కలిపి వెలుగుతుందో లేదో చూడమంటున్నాడు!"

నల్లగా కనబడే తీగ కుచ్చులో ఒక్కటే ఉంది, నల్లది దొరికింది. ఎర్రది ఇంకా అతన్ని వదిలిపెట్టలేదు, అదీ దొరికింది. పచ్చది?

షెడ్డు తడిక మీద గుమ్మడి పాదు ఉంది. ఎవరూ చూడకుండా ఒక ఆకు తెంపి, తీగలను ఒక్కొక్కటే దాని మీద పరిచాడు. ఏ తీగ ఆకులో కలిసి మాయమైపోతుందో అది పచ్చది. గంగ లేనప్పటి కోసం తనకు తాను కనిపెట్టుకున్న ఉపాయం అది. ఒక తీగ మాయమైంది. నమ్మకం చాలక ఇంకో ఆకు తెంపి చూశాడు. మళ్ళీ అదే. మూడో ఆకు మీదా అదే. అరచేతులు చెమటపట్టి టేపు అంటుకోవడం లేదు. పంచెకు తుడుచుకుని చుట్టాడు. బ్యాటరీకి ముందు చిన్న ఫ్యూజు వేశాడు. ఫ్యూజు లేకుండా ఏ పనీ చేయడు, అది అతని ఆచారం. కొండదేవరను తలుచుకుని తీగ కొస ఆనించాడు.

టప్పుమంది.

సన్నటి కాలిన వాసన వచ్చింది. ఫ్యూజు పోయింది. పెట్టె మూగగా ఉంది.

రమణమూర్తి కల్వర్టు మీంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావయ్యా! కాల్చేశావా? ఏ తీగ కలిపావు?"

డ్రైవర్లు టీ గ్లాసులతోనే లేచి వచ్చారు. ఫల్గుణ కాలిన ఫ్యూజు చేతిలోకి తీసుకున్నాడు. మూడు ఆకుల మీద చూశాడు, మూడుసార్లూ కళ్ళు మోసం చేశాయి. అంటే ఆ ఉపాయం కూడా దగానే. మరి ఆ ఉపాయాన్ని నమ్ముకుని ఇన్నాళ్ళూ చేసిన పనులో? నిన్న సాయంత్రం గంగ నీళ్ళకు వెళ్ళినప్పుడు బుధు జీపుకు బ్రేకు లైటు తీగ అతుకు వేశాడు. ఆ జీపులో ఇరవైమంది ఎక్కుతారు. ఘాటు రోడ్డు. పెట్టె పోతే పోయింది. ఆ ఇరవైమంది మాటేమిటి?

"బాబూ" అన్నాడు. "నా కళ్ళు పోతన్నాయి. మూడేళ్ళయింది. రంగులు తెల్డం లేదు. మా ఇంటిది పక్కన కూకుని సెప్తే సేత్తన్నాను. ఇయ్యాల అది లేదు. తప్పు నాది."

సిగ్గుతో అతని చెవులు మండాయి.

సరిగ్గా అప్పుడే గంగ వచ్చింది. ఆ ఆఖరి మాటలు విన్నది. తట్ట అక్కడే దింపి, అడ్డంగా ఉన్న షావుకారును పక్కకు తప్పుకోమని, జీపులోకి తల పెట్టింది.

"ఏ తీగ కలపమన్నారు?"

"పచ్చది" అన్నాడు ఫల్గుణ, తల ఎత్తకుండా.

"పచ్చదే కదా కలిపినావు! ఆకులా ఉంటేను!"

రమణమూర్తి వంగి చూశాడు. నిజమే, పచ్చదే. ఆయన మళ్ళీ కల్వర్టు మీదికి పోయి కిరణ్ మీద విరుచుకుపడ్డాడు. ఫోను లౌడు స్పీకరులో ఉంది, వెంట వెళ్ళిన డ్రైవర్లంతా విన్నారు.

"పచ్చదంటే పచ్చదేనండీ! పచ్చకామెర్ల పచ్చ! ఆకుపచ్చ స్పీకరుదండీ, దాన్నెవరు కలపమన్నారు మిమ్మల్ని?"

అందరూ షెడ్డుకు తిరిగొచ్చారు, మాట గంగ దాకా వచ్చింది. ఆమెకు ఒళ్ళు మండింది. "పసుపుని పచ్చ అంటారేటి? పసుపు పండించీ ఊళ్ళో పసుపుని పసుపనే అంతాం. దానికి ఇంకో పేరెందుకు?"

డ్రైవర్లు పగలబడి నవ్వారు. రమణమూర్తి కూడా నవ్వాడు, కాస్త తగ్గి. కేక పెట్టింది తనే కదా. మైదానం మనిషికి ఆ రెండు రంగులకూ ఒకే మాట చాలు, కొండ మీద చాలదని పదిహేనేళ్ళలో ఆయనకు తట్టలేదు.

"చూశావా ఫల్గుణా, తప్పు మా నోటిది, నీ కళ్ళది కాదు" అని డ్రైవర్ల వైపు తిరిగాడు. "కంగారులో ఏదో అనేశాడర్రా. ఇతని కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి."

మూసుకున్న తలుపు దానంతటదే తెరుచుకున్నట్టయింది. ఔను బాబూ, బయపడి అన్నాను అంటే చాలు. రేపు షెడ్డు ముందు జీపులు ఎప్పట్లాగే ఆగుతాయి. గంగ కళ్ళతోనే బతిమాలింది, అనమని. ఫల్గుణకు ప్రాణం లేచివచ్చింది. నోరు కూడా తెరిచాడు. కానీ బుధు జీపు రోడ్డుకు అవతల నిలబడి ఉంది, ఎక్కాల్సినవాళ్ళు అప్పుడే సంత మూటలు పైకి ఎక్కిస్తున్నారు.

"కాదు బాబూ. ఈ ఒక్క తీగా సరిగ్గా పట్టినాను. మిగతావి ఎన్ని తప్పు పట్టినానో నాకే తెల్దు. కళ్ళు పోతన్నది నిజిం."

గంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుధు గ్లాసు పక్కవాడి చేతిలో పెట్టి, రోడ్డు దాటి తన జీపు వెనక్కి పోయి బ్రేకు లైటు దగ్గర వంగాడు. ఫల్గుణ అటే చూశాడు. ముప్పై ఏళ్ళలో తన పనిని వెనక నుంచి సరిచూసినవాడు లేడు.

పని మధ్యలో వదలకూడదు గనుక ఆకుపచ్చ తీగ ఊడదీశాడు. కొత్త ఫ్యూజు వేశాడు. గంగ ఈసారి గొంతు తగ్గించలేదు. అందరూ వినేట్టు "ఇది పసుపు" అని తీగ అతని వేళ్ళ మధ్య పెట్టింది. టేపు చుట్టి, కొస ఆనించాడు. టప్పుమనలేదు. తాళం తిప్పాడు. నీడ జరిగిపోయి, అద్దంలోంచి ఎండ సూటిగా తెర మీద పడుతోంది. అతనికి కనబడింది ఎండ ఒక్కటే. ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ నోటి నుంచి మాట వచ్చేదాకా తాత్సారం చేసి, తనే చూసినట్టు తల ఊపడం అతనికి అలవాటు. ఈసారి తల ఊపలేదు.

"ఎలిగిందా?" అని అడిగాడు.

జవాబు వెనక నుంచి వచ్చింది. బుధు ఎప్పుడు తిరిగొచ్చాడో, జీపు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎలిగింది మావా. ఆ పెట్టె అయిపోతే బేగి నా బండి కాడికి రా, నిన్నటి తీగ ఓపాలి మళ్ళీ సూద్దూగాని. అత్తనీ తీసుకురా."