కణం నడిచిన దూరం

లెక్కల పుస్తకంలో సరళరేఖ మీద నడిచే ఆ కణాన్ని నేను రెండేళ్లు తిట్టుకున్నాను. ముందుకు పోతుంది, ఆగుతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ ముందుకే పోతుంది. దానికి వేరే పనే లేదా!

ఇంటర్‌లో నాకు మిగిలిపోయింది ఒక్క లెక్కల పేపరే. అది గట్టెక్కితే వనపర్తి హాస్టల్లో ఉండి డిగ్రీ చదవచ్చు. లేకుంటే పెద్దమందడి దగ్గరి మా ఊరి నుంచి మట్టిపనికి వలసపోయే అమ్మానాయనలతో పోవాలి. "ఈసారి గూడ పోతే మాతోని రా బిడ్డా, మేమేం జేస్తం," అన్నాడు నాయన. బెదిరించడానికి అన్న మాట కాదది.

సప్లిమెంటరీలో ఆ కణమే వచ్చింది. నాలుగు సెకన్లలో అది మొత్తం ఎంత దూరం నడిచిందో చెప్పాలి. అవకలనం చేశాను. వేగం సున్నా అయ్యే చోట్లు రెండూ దొరికాయి. మొదటి సెకనులో నాలుగు మీటర్లు పోయి ఆగింది. మూడో సెకను అయ్యేసరికి బయల్దేరిన చోటికే వచ్చింది. ఆఖరి సెకనులో మళ్లీ నాలుగు మీటర్లు పోయింది. హమ్మయ్య అనుకుని ఎనిమిది అని రాశాను.

బయటికొచ్చి మా లెక్కల సారుకు చెప్పాను.

"పన్నెండమ్మా. నడుమ వెనక్కొచ్చిన నాలుగు మీటర్లు ఏడ పోయినయ్?"

"అది ఉత్తగ వచ్చేది గద సార్."

సెలవుల్లో నేనూ మట్టిపని చేశాను. నిండు తట్ట నెత్తిన పెట్టుకుని కట్ట దాకా పోతే మేస్త్రీ "ఒకటి" అంటాడు. ఖాళీ తట్టతో తిరిగొచ్చే నడకను మాలో ఎవరూ లెక్కపెట్టరు. అదంతా సారుకు చెప్పాను. ఆయన నవ్వబోయి ఆగి, "కణానికి తట్ట ఉండదమ్మా," అన్నాడు.

రెండు మార్కులు తక్కువై ఫేలయ్యాను. ఆ ఒక్క లెక్క సరిగ్గా చేసుంటే సరిపోయేది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. ఎట్లా పోయిందని నాయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఖాళీగ వచ్చినదానికి గూడ లెక్కుంటదా?"

"ఉంటది నాయనా."

"నాకు తెల్వదు బిడ్డా. ఇన్నేండ్లు నడిచిన గని, నాకెవ్వరు చెప్పలే."

అమ్మ నా బట్టలు సంచిలో పెట్టింది. తెల్లారి మేస్త్రీ బండి వచ్చింది. నాయన నా దిక్కు చూడలేక పక్కకు తిరిగి నిలబడ్డాడు. నేనే ముందు ఎక్కాను.