హాజరు కోసం పీకిన పన్ను

మీరు నవ్వుకోవడానికే చెబుతున్నాను గానీ, ఇందులో ఒక పెద్దమనిషి నోట్లోంచి నెత్తురు కారింది. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా గుండె బరువు కాస్త దిగుతుంది. నిజామాబాద్‌లో ఇన్నేళ్లుగా పళ్ల వైద్యం చేస్తున్నాను. ఎన్ని పీకానో లెక్క పెట్టలేదు. అన్నీ పుచ్చినవే, కదిలినవే, మనిషిని అన్నం తిననివ్వనివే. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ డాక్టర్ని కాకముందే పీకాను. ఆ పంటికి ఏ జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా నాకే. దాని పేరు హాజరు తక్కువ.

పంతొమ్మిది వందల అరవైలు అయిపోవస్తున్న రోజులు. పట్నంలో పళ్ల కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాద కోసం. శనివారం కాచిగూడలో రైలెక్కితే మా ఎడపల్లిలో తేలేవాణ్ణి, బుధవారం దాకా కదిలేవాణ్ణి కాదు. మా బాపు అడిగితే, "చెరుకు కోతలున్నయి గద బాపూ, నువ్వొక్కనివేం జేస్తవ్" అనేవాణ్ణి. ఆయన నేను పుట్టకముందు నుంచీ చెరుకు పండిస్తున్నాడు. నేను చేసిన సాయం ఏమిటయ్యా అంటే, గట్టు మీద కూర్చుని ఒక గడ నమిలి పిప్పి ఉమ్మడం. అసలు సంగతి చెప్పడానికి ఈ వయసులో సిగ్గేముంది? కాలేజీలో నన్ను "ఏయ్, చివరి బెంచీ" అని పిలిచేవాళ్లు. ఎడపల్లిలో కాలు పెడితే చాలు, "డాక్టర్ సాబ్ అచ్చిండు" అనేవాళ్లు. ఆ పిలుపు కోసమే నేను వారం వారం రైలు ఛార్జీలు తగలేశాను.

మా కాలేజీలో నూటికి డెబ్బై అయిదు వంతులు హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. క్లాసుల హాజరుకు నాకు భయం లేదు. నా పేరు పిలిస్తే "ఎస్ సార్" అనడానికి ఒక ప్రాణస్నేహితుడు ఉన్నాడు. చిక్కంతా క్లినిక్ దగ్గర. అక్కడ ఎంతమంది రోగుల్ని చూశామో వేలిముద్రలతో సహా చూపాలి. నా బదులు "ఎస్ సార్" అనేవాడు ఉన్నాడు గానీ, నా బదులు పన్ను పీకేవాడు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి.

పరీక్షలు రెండు నెలలున్నాయనగా ప్రిన్సిపాల్ పిలిపించారు.

"ఏ ఊరయ్యా మీది?"

"బోధన్ దగ్గర ఎడపల్లి సార్."

"అక్కడ పళ్ల కాలేజీ ఉందా?"

"లేదు సార్."

"మరి వారానికి నాలుగు రోజులు ఏ క్లాసుకు వెళ్తున్నావక్కడికి?"

ఆయన చాలాసేపు రిజిస్టర్ చూశారు. చివరికి దయ తలిచి ఒక దారి చూపించారు. సెలవుల్లో మా ప్రాంతంలోనే మూడు రోజులు పళ్ల వైద్య శిబిరం పెట్టాలి. మా ట్యూటర్ గారు వెంట వస్తారు. వంద మంది నోళ్లు చూడాలి, పది మందికైనా వైద్యం చేయాలి, మూడు రోజులూ నేను హాజరు ఉండాలి.

"ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ఆర్నెల్లు ఆగి రాస్తావు" అన్నారు.

ఆర్నెల్లు ఆగడం ఆయనకు చిన్న మాట. నాకు మాత్రం ఎడపల్లి కళ్ల ముందు తిరిగింది. నాకు పట్టా రాబోతోందని మా బాపు అప్పటికే ఊరంతా చెప్పేశాడు. ఆర్నెల్లు ఆగితే ఆయన ఎవరికి మొహం చూపించగలడు?

ట్యూటర్ గారు కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. ఆయన్నీ, పటకార్ల పెట్టెనూ, మత్తు సూదులనూ వెంటబెట్టుకుని ఇంట్లో దిగాను. బడి దగ్గర బల్ల వేస్తానంటే బాపు నవ్వాడు.

"ఊళ్లె ఎవలున్నరు బిడ్డా? అందరు కోతలకే పాయె. కాటా కాడికి పో. బండ్లోళ్లు దినాల కొద్ది ఆడనే పడి ఉంటున్నరు."

ఆ మాట నిజమే. ఊరి బయట చక్కెర ఫ్యాక్టరీ వాళ్లు చెరుకు తూచే కాటా దగ్గర ఎడ్లబండ్లు కనుచూపు మేర వరుస కట్టి ఉన్నాయి. వచ్చిన ప్రతి బండికీ గుమాస్తా ఒక రేకు బిళ్ల మీద నంబరు ఇస్తాడు. నంబరు పిలిచినప్పుడు బండి కదలాలి. మనిషి లేక బండి కదలకపోతే అది వరుస చివరికి పోతుంది. అందుకే ఏ బండీ వదిలి ఎవడూ కదలడు. వేపచెట్టు నీడన బల్ల వేసి, తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నాను. ఒక్కడూ రాలేదు. నేనే లేచి మొదటి బండి దగ్గరికి వెళ్లాను.

"అన్నా, జర నోరు తెరువు."

"ఎందుకు?"

"పండ్లు సూస్త."

"పండ్లు సూసేది ఎడ్లను కొనేటప్పుడు. నన్నెవలకు అమ్ముతున్నవ్?"

మా వైపు ఎద్దు వయసు పళ్లు చూసి చెబుతారు. కొనేవాడు ముందు చూసేది నోరే. మనుషుల పళ్లు ఉచితంగా చూసిపోతానని పట్నం నుంచి ఒకడు తెల్లకోటులో దిగితే వాళ్లకు అనుమానం రాక ఏం చేస్తుంది? రెండో బండివాడు కాస్త మంచివాడు. నన్ను తన ఎద్దు దగ్గరికి తీసుకుపోయాడు.

"నాయి ఎనుక సూద్దువు గని, ముందుగాల దీని పండ్లు సూసి ఏండ్లు సెప్పు. అమ్మినోడు సెప్పిన మాట మీద నాకు నమ్మకం లేదు."

నేను చెప్పలేకపోయాను. నాలుగేళ్లు చదివినా ఎద్దు నోరు మా పుస్తకంలో లేదు.

"ఎద్దు పండ్లే తెల్వనోడు మనిషి పండ్లేం సూస్తడు?" అని వాడు పక్క బండికి చెప్పాడు. ఆ బండి తర్వాతి బండికి చెప్పింది. పొద్దుగూకేసరికి నా రిజిస్టర్‌లో ఏడు వేలిముద్రలున్నాయి. అందులో ఒకటి మా బాపుది.

రెండో రోజు నాకొక తెలివి పుట్టింది. ఆ తెలివి పుట్టకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. బల్లను తీసుకెళ్లి కాటా గుమాస్తా కిటికీ పక్కనే వేశాను. చిన్న కాగితాలు చింపి, ఎర్రసిరాతో నంబర్లు వేశాను. చూపించుకున్న ప్రతి మనిషికీ ఒక చిట్టీ. జనాన్ని వరుసలో పెట్టడానికే అది, మరో ఉద్దేశం లేదు. ఒట్టు.

పొద్దున్నే ఒకాయన పుచ్చిన పన్నుతో వచ్చాడు. ట్యూటర్ గారు దగ్గరుండి నాతో పీకించారు. చిట్టీ ఇచ్చాను. ఆయన కుర్చీ దిగాడో లేదో, గుమాస్తా ఆయన బండి నంబరే పిలిచాడు. అది ఆయన వంతు, వచ్చింది, పిలిచాడు. కానీ వరుసలో ఉన్నవాళ్లకు కనబడింది వేరు. గడియలో నా బల్ల ముందు జనం తోసుకున్నారు. నేను పొంగిపోయాను. యాభై నోళ్లు దాటాక, పక్కపక్కన ఇద్దరు మాట్లాడుకుంటుంటే అప్పుడు చెవిన పడింది.

"కొత్త కానూన్ అచ్చిందట. పండ్ల చిట్టీ లేకుంటె కాటా ఎక్కనియ్యరట."

"పన్ను పీకిచ్చుకుంటె ఇంక జల్ది పిలుస్తుండ్రు. సూడలే?"

అప్పుడే బల్లెక్కి, అయ్యల్లారా ఇది అబద్ధం అని అరవాల్సింది. రిజిస్టర్ చూశాను. అరవై రెండు. ఇంకా ముప్పై ఎనిమిది కావాలి. ఎదురుగా ఉన్న మనిషితో "నోరు తెరువు" అన్నాను. మీరు తిట్టుకోండి, నేను అభ్యంతరం చెప్పను.

మధ్యాహ్నానికి నూరు దాటాయి. తొమ్మిది వైద్యాలయ్యాయి. ట్యూటర్ గారు భోజనానికి మా ఇంటికి బయల్దేరుతూ, "నేనొచ్చేదాకా పటకారు ముట్టుకోకు" అని మరీ మరీ చెప్పారు. ఆయన అటు వెళ్లగానే మల్లయ్య తాత వచ్చి కూర్చున్నాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. ఒంటరిగా బండి కట్టుకొచ్చాడు.

"ఏ పన్ను నొస్తుంది తాతా?"

"ఏది నొస్తె జల్ది పిలుస్తరు బిడ్డా?"

చమత్కారమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"కోసి మూడు దినాలాయె. ఎండుతుంది. ఎండితె తూకం పోతది. గిది పీకు." కింద కుడివైపు దవడ పన్ను మీద వేలు పెట్టాడు.

పనిముట్టుతో తట్టి చూశాను. గంటలా ఖణేల్‌మంది.

"గిట్ల కొడితె నొస్తుందా?"

"పాణం పోతుంది" అన్నాడు, మొహంలో ఒక్క గీతైనా కదలకుండా.

ఆ పన్ను మంచిదని నాకు తెలుసు. ఆయన ఎందుకు పీకమంటున్నాడో కూడా తెలుసు. పదో వైద్యం ఒక్కటే తక్కువని అంతకంటే బాగా తెలుసు. మత్తు సూది ఇచ్చి పటకారు తీశాను. అది ఊడితేనా! మోకాలు కుర్చీకి ఆనించి గుంజాను. చెమట పట్టింది. ఆ ముసలాయన రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, సందు దొరికినప్పుడల్లా నన్ను ఓదార్చాడు.

"మెల్లగ గుంజు బిడ్డా. పరేషాన్ గాకు."

అరగంటకు ఊడింది. తెల్లగా, మచ్చ లేకుండా, పొడుగాటి వేళ్లతో. చూడగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన దూది కొరికిపట్టి, చిట్టీ అందుకుని, కాటా కిటికీ వైపు దాదాపు పరుగెత్తాడు.

గుమాస్తా చిట్టీని అటూ ఇటూ తిప్పి చూసి విసిరేశాడు. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఆయన నా కుర్చీలో ఉన్న ఆ అరగంటలోనే ఆయన నంబరు పిలిచారట. బండి దగ్గర ఎవరూ లేరు. బండిని వరుస చివరికి తోసేశారు. తాత తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. చిట్టీ నా ముందు పెట్టాడు.

"నీ చిట్టీ నువ్వే తీస్కో బిడ్డా. నా పన్ను నాకు పెట్టు. నా నంబరు నాకిప్పియ్యి."

నంబరైనా ఇప్పిద్దామని గుమాస్తా కాళ్లావేళ్లా పడ్డాను.

"వరుస తప్పిన బండి ఎనుకకే పోవాలె. మీ బాపు బండైన గంతే. ఎనుకున్నోళ్లయి ఎండుత లేవా?" అన్నాడు. న్యాయమే మాట్లాడాడు.

అప్పుడెక్కాను బల్ల. ఆ చిట్టీకీ కాటాకూ ఏ సంబంధమూ లేదని అరిచి చెప్పాను. ఒకాయన చిట్టీ చింపి నా కాళ్ల దగ్గర వేశాడు.

"గీ ముచ్చట పొద్దుగాల్నే సెప్తె నీ నోరు నొస్తుండెనా?"

ట్యూటర్ గారు వచ్చి తాత నోరు చూశారు. కొత్త దూది పెట్టారు, మాత్రలిచ్చారు. నాకేసి ఒక్కసారి చూసి, పటకారు నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో పెట్టేశారు.

మూడో రోజు తెల్లవారేసరికి తాత చెంప వాచింది. మనిషి లేవలేకపోతున్నాడు. బండి మళ్లీ వరుస తప్పితే ఆ చెరుకు పొయ్యిలోకే పనికొస్తుంది. ఎవరో ఒకరు బండి మీద ఉండాలి. తెల్లకోటు తీసి చెరుకు గడల మీద వేసి నేనే ఎక్కాను. ముందు బండి కదిలినప్పుడల్లా అదిలించాలి. నేను హో అంటే ఆ ఎడ్లు ఆగవు, హేయ్ అంటే కదలవు. వరుసలో ఉన్నవాళ్లు నన్ను చూసి పడీ పడీ నవ్వారు. ఆ రోజంతా నన్ను డాక్టర్ సాబ్ అన్నవాడు ఒక్కడు లేడు. పొద్దు వాలుతుండగా నంబరు పిలిచారు. బండి కాటా ఎక్కింది. వేపచెట్టు కింద పడుకున్న తాత లేచొచ్చి, ముందు ఎడ్లను నిమిరాడు, తర్వాత నన్ను చూశాడు.

"పండ్లకంటె నువ్వు బండికే పనికొస్తవ్ బిడ్డా" అన్నాడు, వాచిన నోటితోనే.

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను. ఎడ్లకు నీళ్లు పెట్టి వచ్చాను.

ట్యూటర్ గారు బల్ల సర్దుతున్నారు. రిజిస్టర్ తెరిచి ఉంది. నూటికి పైగా నోళ్లు, పది వైద్యాలు. మూడో రోజు గడిలో నా పేరుకు ఎదురుగా రాసింది చూసి నాకు కళ్లు తిరిగాయి.

"సార్, ఆబ్సెంట్ వేశారేంటి? నేను పొద్దుటినుంచి ఇక్కడే, మీకు కనబడేంత దూరంలోనే ఉన్నాను కదా!"

"ఉన్నావు, చూశాను. బండి మీద ఉన్నావు. శిబిరంలో లేవు."

"సార్, ఆర్నెల్లు పోతుంది సార్."

"పోతుంది" అన్నారాయన. "నిన్న మధ్యాహ్నం ఉండాల్సినవాణ్ణి నేను లేను. నాక్కూడా వేసుకున్నాను చూడు."

చూశాను. ఆయన పేరుకు ఎదురుగా కూడా వేసుకున్నారు.

అలా హాజరు కోసం నేను పెట్టిన శిబిరంలో నేనే గైర్హాజరై, ఆర్నెల్లు ఆగి పరీక్ష రాశాను. అందువల్ల పాఠకుల సమక్షంలో, పటకారు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నొప్పి లేని పన్నును దాని సొంతదారు కాళ్లు పట్టుకున్నా ముట్టను. నాకు లాభం చేస్తున్న అబద్ధం చెవిన పడితే నోరు మూసుకుని కూర్చోను. మొదటి మాట ఈ రోజు దాకా తప్పలేదు. రెండోదానికి మాత్రం నా హాజరు ఇంకా డెబ్బై అయిదుకు చేరలేదు.