పంపు నోరు కట్టిన రోజు

కారే వస్తువును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో బిందె కాస్త చెమ్మగిల్లినా సరే, దానికి లక్క పెట్టేదాకా అన్నం సయించదు. మా ఆవిడ దీన్ని జబ్బంటుంది. జబ్బే. ఆ జబ్బుకు నోటి దురుసు కూడా తోడై ఒకసారి నలభై మందిని చంపబోయాను.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేవని రోజులవి. ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలువలో స్టీమరు నడిచేది. మిషను బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, ఆరేళ్ళు వర్క్‌షాపులో ఇనుము అరగదీసి నేను ఫిట్టరునయ్యాను. ఇరవై ఆరేళ్ళ వయసు, పని వచ్చునన్న పొగరు. స్టీమరు ఏజెంటుగారు నన్ను పిలిపించారు. బాయిలరుకు నీళ్ళు తోసే పంపు కారుతోందనీ, డ్రైవరుకు ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదనీ, నేనే దాన్ని సరిచేసి ఒక ట్రిప్పు వెంట వెళ్ళి చూసి రావాలనీ చెప్పారు.

మధ్యాహ్నం వేళ స్టీమరు అడుగున ఉన్న ఇంజను గదిలోకి దిగాను. బయట ఎండ, లోపల చీకటి. ఇంజను మెల్లగా తిరుగుతోంది. డ్రైవరు పంపు పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అరవై ఏళ్ళుంటాయి. పల్లెకారుల కుటుంబం, తాతతండ్రులు సముద్రం మీద చేపల వేటకెళ్ళినవాళ్ళు. నేను దిగుతుంటే తల తిప్పలేదు. ఊపిరి బిగబట్టి విన్నాడు, అంతే.

"కొత్త చెప్పులాండీ?" అన్నాడు.

నిజమే, ముందురోజే కొన్నాను. ఆయన నా కాళ్ళ వంక చూడనే లేదని అప్పుడు తట్టలేదు.

పంపు కడ్డీ లోపలికి పోయినప్పుడల్లా దాని మెడ దగ్గర్నుంచి చిన్న ధార ఎగిరి, కింద బోర్లించిన కిరసనాయిలు డబ్బా మీద పడుతోంది. టప్. మళ్ళీ టప్. ఆ చప్పుడు పడినప్పుడల్లా ఆయన పెదవులు కదిలేవి. ఎవరికో ఊ కొడుతున్నట్టుండేది.

"దాన్ని అలా ఉండనివ్వండి బాబూ. దాని మాటేదో అది మాట్లాడుకుంటుంది," అన్నాడు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన ఇంజను ఆపి, గట్టు మీదికి భోజనానికి వెళ్ళగానే పంపు మెడ విప్పాను. నీళ్ళు బయటికి రాకుండా కడ్డీ చుట్టూ ఆముదంలో నానేసిన జనపనార కూరుతారు. అది పాతబడి చీకిపోయి ఉంటుందనుకున్నాను. కాదు. నార కొత్తది, నిగనిగలాడుతోంది. ఒక్కచోట మాత్రం గోరంత వెడల్పున గాడి పెట్టి ఉంది. చాకుతో, శ్రద్ధగా కోసిన గాడి.

ఎవరో కావాలనే కారనిస్తున్నారు. ఎందుకు? ఆ చీకట్లో ఆ నారను వేళ్ళతో పట్టుకుని కొంచెంసేపు అలాగే ఉండిపోయాను. పైన ఎవరో నడిచిన చప్పుడైతే ఉలిక్కిపడ్డాను. తర్వాత నా మీద నాకే కోపం వచ్చి, కొత్త నార కూరి, బిగించి, చేతులు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ధనుర్మాసపు మంచు. కాలువ గట్టు కనపడదు, గట్టు మీద మాటలు మాత్రం వినపడుతున్నాయి. పైన పిఠాపురం వెళ్ళే యాత్రికులు, సంచులతో వర్తకులు, పసిపిల్లల తల్లులు. చుక్కాని దగ్గర మనిషి నిమిషానికోసారి కూత వేయిస్తున్నాడు. మంచులోంచి మా కూతే మాకు తిరిగి వస్తోంది.

ఇంజను తిరగడం మొదలుపెట్టాక డ్రైవరు తల పక్కకు వంచాడు. చాలాసేపు వంచే ఉంచాడు. తర్వాత చెయ్యి చాచి పంపు మెడను తడిమాడు. డబ్బాను తడిమాడు. పొడి.

"దీని నోరు ఎవరు కట్టారండీ?" అన్నాడు. గొంతు గుసగుసలా వచ్చింది.

"నేనేనండి. చుక్క రాదిప్పుడు," అన్నాను గొప్పగా.

ఆయన పొయ్యిలోకి కట్టెలు వేశాడు. మంట వెలుగు ముఖాన పడినా రెప్ప వెయ్యలేదు. కాసేపాగి, అడగకూడనిదేదో అడుగుతున్నట్టు, "గాజుగొట్టంలో నీళ్ళు ఎంతవరకున్నాయండీ?" అన్నాడు.

బాయిలరు ముందు నిలువుగా ఒక గాజుగొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతున్నాయో అందులో కనపడుతుంది. నీళ్ళు తగ్గితే ఇనుప రేకులు ఎర్రగా కాలి బాయిలరు పేలిపోతుంది. పేలితే ఆ స్టీమరులో మనుషుల్ని ఏరుకోవాల్సిందే. డ్రైవరన్నవాడు దాన్ని చూడకుండా క్షణం ఉండకూడదు. అది ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఉంది. నేను చేసిన పనికి మెచ్చుకోకపోగా నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను.

"మీ ముక్కు ముందే ఉంది కదండీ, చూసుకోండి. కళ్ళు లేవా?" అన్నాను.

మళ్ళీ అడగలేదు. నేను విసురుగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాను.

పైన చాలాసేపు కూర్చున్నాను. ఒక తల్లి పిల్లాడికి చద్దన్నం తినిపిస్తోంది. మంచు పలచబడింది, ఎండ పొడ వచ్చింది, గట్టు మీద కొబ్బరిచెట్లు బయటపడ్డాయి. అంతా బాగానే ఉంది, నాకు మాత్రం కుదురు లేదు. ఏదో తప్పిపోయింది, ఏమిటో తెలియదు. అంతలో వాసన వచ్చింది. రంగు కాలుతున్న వాసన.

ఒక్క ఉరుకులో కిందికి దిగాను. గాజుగొట్టం ఖాళీగా ఉంది. పంపు ఆడుతూనే ఉంది, కానీ కాలువలోంచి నీళ్ళు లాగే గొట్టం చివరున్న జల్లెడకు నాచు పట్టేసింది. ఉత్త కడ్డీ ముందుకీ వెనక్కీ జరుగుతోంది. ఆయన దాని మీద చెవి ఆనించి, పెదవులు బిగించి కూర్చుని ఉన్నాడు.

ఇంజను ఆపేశాను. అప్పుడు చన్నీళ్ళు తోస్తే ఇంకా ప్రమాదం. పారతో మండే కట్టెలన్నీ బయటికి లాగి, కిటికీలోంచి కాలువలోకి విసిరాను. చేతులు బొబ్బలెక్కాయి. జనాన్ని గట్టుకు దించమని అరిచాను. దిగినవాళ్ళు ఎందుకో తెలియక నన్ను తిట్టుకుంటూ నిలబడ్డారు. ఇనుము చల్లారుతూ లోపల ఉండుండి టిక్కు టిక్కుమంటుంటే నేను ప్రతి చప్పుడుకీ కళ్ళు మూసుకున్నాను.

ఏమీ పేలలేదు.

పైకప్పు తలుపులోంచి ఎండ తిన్నగా ఆయన ముఖం మీద పడుతోంది. కళ్ళు విప్పార్చి ఎండలోకే చూస్తున్నాడు. ఆ నల్లగుడ్ల మీద పాలమీగడ పొరలు.

"ఈ మంచు ఎప్పుడు విడుతుందోనండీ," అన్నాడు.

నేను ఆయన పక్కనే కూలబడ్డాను. మూడేళ్ళుగా చూపు లేని మనిషి నిప్పును ఒంటికి తగిలే వేడితోనూ, నీళ్ళను ఆ టప్ టప్ లెక్కతోనూ నడుపుకొస్తున్నాడు. చప్పుడు పడుతుంటే నీళ్ళు లోపలికి పోతున్నట్టు, ఆగితే పోనట్టు. ఆయనకు మిగిలిన ఆ కాస్త చూపునూ నిన్న మధ్యాహ్నం నా చేత్తోనే పొడిచేశాను. జాలేసింది. ఇలాంటివాడు నలభై మందిని నీళ్ళ మీద తిప్పుతున్నాడా అని కోపమూ వచ్చింది. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

జల్లెడ కడిగి, బాయిలరు చల్లారాక బిందెలతో నీళ్ళు నింపి, మళ్ళీ నిప్పు వేసి కాకినాడ దాకా నేనే నడిపాను.

"రేవులో చెబుతారాండీ?" అని దారిలో అడిగాడు.

"చెప్పాలండి."

"చెప్పండి," అన్నాడు.

రేవులో గుమస్తాగారికి చెప్పాను. డ్రైవరు ఉద్యోగం ఆ నిమిషమే పోయింది. ఆయన నన్ను ఇంటిదాకా చెయ్యి పట్టుకుని నడిపించమన్నాడు. స్టీమరులో తనకు కళ్ళతో పని లేదట. రేవు దిగినప్పుడల్లా చుక్కాని మనిషి కబుర్లాడుతూ ముందు నడిస్తే ఆ గొంతు వెంట పోయేవాడట.

ఉప్పుటేరు పక్కన తాటాకు ఇల్లు. గుమ్మంలో ఆయన భార్య నిలబడి ఉంది. నా చెయ్యి ఆయన మోచేతి కింద ఉండడం చూడగానే ఆవిడకు తెలిసిపోయింది.

"జనానికేం కాలేదు కదా బాబూ?" అంది ముందుగా.

"కాలేదమ్మా."

ఆవిడ అరుగు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "బోటు కూత వినపడేదాకా నా ప్రాణం నాది కాదు బాబూ. మానెయ్యమంటే వినరు. నేనే చెప్పేద్దామని రెండుసార్లు రేవుదాకా వచ్చి తిరిగిపోయాను. తిండెలా అని," అంది. తర్వాత లేచి నాకు దణ్ణం పెట్టింది.

వద్దమ్మా అనబోయాను. పొద్దున ఆయన్ను నేనేమన్నానో చెప్పెయ్యాలనిపించింది. ఈలోగా ఆయన గోడ పట్టుకుని ఆవిడ గొంతు వచ్చిన వైపుకు తిరిగాడు.

"ఈ బాబు చాలా మంచివారే," అన్నాడు. "నీళ్ళు ఎంతున్నాయండీ అని అడిగాను. అడగ్గానే చూసి చెప్పారు."