విడవని చేతులు

ఇనుము మనిషి ఎముకకు తగిలితే వచ్చే శబ్దం చాలా చిన్నది. పెద్దగా ఉంటుందనుకుంటాం. ఉండదు. ఆ చిన్న శబ్దాన్ని నేను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. క్లాసులో పాఠం చెబుతూ మోశాను, పెళ్లిపీటల మీద కూర్చుని మోశాను. ఇక మోయలేక మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది కూడా పిరికితనమే, ఒప్పుకుంటున్నాను.

మాది కోస్తా వైపు. వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేయడానికి హైదరాబాదు వచ్చాను. ఏ సంస్థో అడగకండి. నాచారంలో ఒక పిండిమర పైన గది తీసుకుని ఉండేవాణ్ణి. నా తర్వాత మా గైడు సారు దగ్గరే చేరిన యాదగిరి కూడా ఆ గదికే వచ్చాడు. జనగామ వైపు రైతుల బిడ్డ. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. అతను అన్నం వండితే నేను పప్పు చేసేవాణ్ణి. నా చొక్కా అతను వేసుకునేవాడు. ఉప్పల్ రోడ్డు మీద మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి. ఆ దుమ్ములో ఒకే బండి మీద మేడిపల్లి దాటి, మా డిపార్ట్‌మెంటు మొక్కలు పెంచే నెట్‌హౌస్‌కు వెళ్లేవాళ్లం. చుట్టూ, పైనా వల కట్టిన పెద్ద పందిరి అది. లోపల వరసలుగా కుండీలు.

మా పని కంది మొక్క మీద. కందికి ఎండు తెగులు వస్తుంది. మట్టిలోని బూజు వేరులోంచి లోపలికి దూరి, మొక్కకు నీరు పైకెక్కకుండా అడ్డం పడుతుంది. పక్కనే తడి ఉన్నా మొక్క నిలువునా ఎండిపోతుంది. మా సారు ఆ తెగులును తట్టుకునే వంగడం ఒకటి తయారుచేశానని ప్రకటించాడు. దాని మీద వచ్చిన పేపర్లో నా పేరూ ఉంది. నా థీసిస్ మొత్తం దాని మీదే నిలబడింది. మరుసటి వానాకాలానికి ఆ విత్తనం రైతులకు ఇవ్వాలని ఏర్పాట్లు జరుగుతున్నాయి.

ఊళ్ల నుంచి తెచ్చిన రకరకాల మట్టిలో ఆ వంగడాన్ని పెంచి చూడడం యాదగిరి పని. పెంచాడు. ఎండిపోయింది. మళ్లీ పెంచాడు. మళ్లీ ఎండిపోయింది.

అతను చెప్పకముందే ఆ సంగతి నాకు తెలుసు. ఇది మొదటి తప్పు, దీన్ని దాటవేయకూడదు. నా మొక్కలు కూడా ఒక విడత చచ్చిపోయాయి. నీళ్లెక్కువై చచ్చాయని రాయమన్నాడు సారు. రాశాను. నీళ్లెక్కువ కాలేదని నాకు తెలుసు. రోజూ నీళ్లు పోసింది నేనే.

యాదగిరికి అలా రాయడం రాలేదు. బయటి నుంచి పెద్దలు వచ్చి కూర్చున్న ఒక సమావేశంలో లేచి నిలబడి, ఈ విత్తనం ఇప్పుడే రైతులకు ఇవ్వకూడదని చెప్పాడు. వాళ్ల నాయన రెండెకరాల కంది ఒకసారి ఇలాగే నిలువునా ఎండిపోయిందట. అది కూడా చెప్పాడు. సారు నవ్వుతూ విన్నాడు. ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది సారు మీద కాదు, యాదగిరి మీద. ఎంత కోపమంటే, పక్కన కూర్చున్నవాడు మంచినీళ్లు అందిస్తే గ్లాసు పక్కకు నెట్టేశాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం నెట్‌హౌస్‌లో ఉన్నాం. వాచ్‌మన్ భోజనానికి వెళ్లాడు. సారు కారు దిగి తిన్నగా యాదగిరి వరస దగ్గరికి వచ్చాడు. మొదటి మొక్కను మొదలు పట్టి పీకాడు. రెండోది పీకాడు. కుండీని కాలితో తన్నితే పగిలి మట్టి చెదిరింది. అవన్నీ ఇంకా ఎండని మొక్కలు. తెగులు మెల్లగా ఎక్కుతోందని చూపించగల మొక్కలు అవే. యాదగిరి పరుగున వచ్చి, వద్దు సార్ అంటూ సారుకూ కుండీలకూ మధ్య నిలబడి, రెండు చేతులూ అడ్డం చాచాడు. చాచాడు, అంతే. సారును తాకలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

నేను వెనక నుంచి వెళ్లి అతని రెండు చేతులూ పట్టుకున్నాను.

విడదీయడానికే పట్టుకున్నాను. ఇది నిజం. నాకు నేను ఇన్నేళ్లూ చెప్పుకున్న నిజం ఇదే. కానీ అది ఎంతసేపటి నిజం? సారు అతని చెంప మీద కొట్టేదాకా. ఆ దెబ్బ పడగానే నేను పట్టు వదలాలి. వదిలితే యాదగిరి తల కాచుకునేవాడు, లేదా పారిపోయేవాడు. నేను వదలలేదు. రెండోసారి పిడికిలితో కొట్టాడు. పెదవి చీలి నెత్తురు నా ముంజేతి మీద చిందింది. వెచ్చగా ఉంది. "అన్నా, ఇడువు" అన్నాడు యాదగిరి. గట్టిగా కూడా అనలేదు, నేను మరిచిపోయానేమో గుర్తుచేస్తున్నట్టు అన్నాడు.

నా వేళ్లు ఇంకా బిగిశాయి.

ఎందుకు? భయమా? భయపడ్డవాడి చేతులు వదులవుతాయి. నావి బిగిశాయి. నీవల్ల నా థీసిస్ పోతుందిరా, నోరు మూసుకుని ఉండొచ్చు కదరా అని లోపల ఎవరో అరుస్తున్నారు. పడ్డ ప్రతి దెబ్బా నా తరఫున కూడా పడుతున్నట్టు ఉంది. కొట్టింది సారే, కానీ ఆ కొట్టడంలోని తృప్తి కొంత నాకూ వచ్చింది. ఇది నా భార్యకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

వలకు ఆసరాగా పాతిన ఇనుప చువ్వ ఒకటి వదులుగా ఉంది. సారు దాన్ని ఊడబెరికాడు. ఎత్తడం చూశాను. చూసి కూడా పట్టుకునే ఉన్నాను. చెవి మీద తగిలింది. యాదగిరి ఒళ్లు ఒక్కసారిగా నా మీద బరువెక్కింది. అప్పుడు విడిచాను. ఇక పట్టుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి విడిచాను. పీకేసిన మొక్కల మీద, పగిలిన కుండీ పెంకుల మీద పడ్డాడు. చెవిలోంచి కారిన నెత్తురు మట్టిలోకి ఇంకిపోతోంది. సారు చువ్వ కింద పడేసి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, కారు తలుపు తియ్యమన్నాడు.

ఉప్పల్‌లో ఒక దవాఖానకు తీసుకెళ్లాం. జారి చువ్వల మీద పడ్డాడని డాక్టరుతో సారు చెప్పాడు. నేను తలూపాను.

మర్నాడు యాదగిరి మంచం పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను. తల చుట్టూ కట్టు. ఆ చెవి ఇక వినపడదని అప్పటికి డాక్టరు చెప్పేశాడు. పైకప్పు వైపు చూస్తున్నవాడు నా వైపు తిరిగాడు.

"నన్నెందుకు ఇడ్వలే అన్నా?"

"ఆపుదామనే పట్టుకున్నాను రా."

"ఆపాల్నంటే సార్ని ఆపాలె గద."

పోలీసుల దగ్గరికి పోతానన్నాడు. నేను వద్దన్నాను. కేసంటే ఏళ్లు పడుతుంది, సంస్థలోనే ఫిర్యాదు చెయ్యి, కమిటీ వేస్తారు, చూసింది నేనొక్కణ్ణే కదా, ఉన్నదున్నట్టు చెబుతాను అన్నాను. అంటున్నప్పుడు నిజంగానే చెబుదామనుకున్నానా? అనుకున్నాననే నమ్మకం. కానీ నా నమ్మకాలకు విలువెంత?

"నువ్వు జెప్తనంటె నాకు ఫికర్ లేదన్నా" అన్నాడు యాదగిరి. పోలీసుల దగ్గరికి పోలేదు.

కమిటీకి ముందు సారు నన్ను గదికి పిలిచాడు. టేబుల్ మీద నా థీసిస్ ఉంది. దాని గురించి ఒక్క మాట అనలేదు, బెదిరించలేదు. టీ తెప్పించాడు. ఆ రోజు నువ్వేం చూశావు అని మెల్లగా అడిగాడు, అంతే. టీ తాగేలోపు నేను వేరే రోజును చూసేశాను.

కమిటీ గదిలో యాదగిరి నా ఎదురుగానే కూర్చున్నాడు. యాదగిరే ముందు సారు కాలర్ పట్టుకున్నాడని చెప్పాను. నేను విడదీయబోయానని, పెనుగులాటలో యాదగిరి కాలు జారి చువ్వల మీద పడ్డాడని చెప్పాను. మొక్కలు ఎవరు పీకారని ఒకాయన అడిగాడు. యాదగిరే, కోపంలో పీకేశాడన్నాను. ఈ చివరి అబద్ధం సారు కూడా అడగలేదు. నేనే కల్పించాను. యాదగిరి నన్ను తిట్టలేదు. బాగున్న చెవిని నా వైపు తిప్పి విన్నాడు, తప్పుగా విన్నానేమో అన్నట్టు.

అతని రిజిస్ట్రేషన్ రద్దుచేశారు. సామాను తీసుకుపోవడానికి వాళ్ల నాయనతో నాచారం గదికి వచ్చాడు. ఇంట్లో అసలు సంగతి చెప్పుకోలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ పెద్దాయన నా రెండు చేతులూ పట్టుకుని, "మా పిలగాన్ని దవాఖానకు కొంచవోయింది నువ్వేనంట. సల్లగుండు బిడ్డా" అన్నాడు. యాదగిరి గడపలో నిలబడి చూస్తున్నాడు. ఒక్క మాటతో నన్ను అక్కడే నేలమట్టం చేయగలడు. చెయ్యలేదు. నాయన భుజం మీద చెయ్యివేసి మెట్లు దింపాడు. కింద పిండిమర ఆడుతోంది.

నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. విత్తనం రైతులకు వెళ్లింది, వాళ్ల చేలల్లో ఎండింది. తప్పు మట్టిదని సారు రాశాడు. కొన్నాళ్లకు ఆ వంగడాన్ని అందరూ మరిచిపోయారు. ఎండిన చేలవాళ్లు మరిచిపోయారో లేదో నాకు తెలియదు. నేనెప్పుడూ కనుక్కోలేదు.

ఇన్నేళ్లలో నేను ఎవరి మీదా చెయ్యెత్తలేదు. పిల్లలను కసరను కూడా. చాలా మెత్తని మనిషి అంటారు నన్ను. ఆ మాట విన్నప్పుడల్లా నా వేళ్లు ఎలా బిగిశాయో గుర్తొస్తుంది. నాకు చెయ్యెత్తే అవసరం పడలేదు. ఎత్తేవాడికి మనిషిని పట్టి అందించడం తెలుసు.

మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి హబ్సిగూడలో మెడికల్ ఎంట్రన్స్ కోచింగ్‌కు వెళుతోంది. ఒకరోజు అన్నం తింటూ వాళ్ల బాటనీ సారు గురించి చెప్పింది. మస్తు బాగా చెబుతాడట. ఎవరైనా సందేహం అడిగితే తల పూర్తిగా ఒక పక్కకు తిప్పి వింటాడట. పేరు అడిగాను. చెప్పింది. నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

వెళ్లడానికి వారాలు పట్టింది. మెట్రో పిల్లర్ల కింద, కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర నిలబడ్డాను. యాదగిరి దిగి వచ్చాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఆగాడు. అతని మంచి చెవి వైపుకు నడిచి, చెప్పాల్సింది అంతా చెప్పాను. ఆపడానికి పట్టుకోలేదన్నాను. కావాలనే విడవలేదన్నాను. పిల్లలు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు.

"ఎర్కే" అన్నాడు. "నీ గోర్లు దిగినయి నాకు. ఆపేటోని చేతులు గట్లుండయి."

మళ్లీ మెట్ల వైపు తిరుగుతూ, "నాకు జెప్పి ఏం ఫాయిదా అన్నా? నాకు దెల్వంది గాదు. ఆ దినం యాడ అబద్ధం ఆడినవో ఆడ్నే జెప్పు" అన్నాడు. ఇంకో క్లాసు ఉందని పైకి వెళ్లిపోయాడు. క్షమించమని అడగడానికి నాకు వ్యవధి ఇవ్వలేదు. వ్యవధి ఉన్నా అడిగేవాణ్ణి కానేమో.

సంస్థలో అదే గదికి వెళ్లాను. ఆ రోజు కమిటీలో కూర్చున్నవాళ్లు ఎవరూ ఇప్పుడు అక్కడ లేరు. సారు రిటైరయ్యాడు, మంచం పట్టాడని విన్నాను. ఇప్పుడు డైరెక్టరు కుర్చీలో ఉన్నాయన నా మాటలు ఓపికగా విని, ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదని, ఇన్నేళ్ల తర్వాత దీన్ని తవ్వితే ముందు నా డిగ్రీకే ముప్పు అని చెప్పాడు. నా మేలు కోరే చెప్పాడు. పోతే పోనీ, రాసుకోండి అన్నాను. అతను రాసుకోలేదు. ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు.

అబద్ధాన్ని వెంటనే రాసుకున్న గది అది. అందుకే మీ దగ్గరికి వచ్చాను. ఇందువల్ల యాదగిరికి చెవి రాదు, చదువు రాదు. నాకు క్షమాపణ దొరకదు, అడగడం లేదు కూడా. ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్నలకు జవాబులు మాత్రం ఇవి.

మొక్కలు పీకింది సారు. యాదగిరి ఆయన్ను తాకలేదు. చువ్వతో కొట్టింది సారు. కొడుతున్నప్పుడు యాదగిరి చేతులు నేను పట్టుకుని ఉన్నాను. విడవమని అడిగాడు. వినపడింది. విడవలేదు.